తలుపు పక్క కుర్చీ

గురువారం వచ్చిందంటే నాకు ఒళ్ళు మండేది.

సాయంత్రం అయిదు దాటగానే మా మాస్టారు కత్తెర పక్కన పెట్టేసేవారు. కటింగ్ బల్ల మీద పరిచిన గుడ్డంతా చుట్టి అలమారలోకి తోసి, గోడకి ఆనించిన మడత కుర్చీలు ఒక్కొక్కటే విప్పి బల్ల చుట్టూ వేసేవారు. మొత్తం పదకొండు కుర్చీలు. వచ్చేది ఇద్దరే, పాస్టరుగారూ ఆయన భార్యా. మాస్టారితో కలిపితే ముగ్గురు. "మిగతా ఎనిమిదీ ఎవరికండీ, ఈగలకా?" అని నేనడిగితే, "వస్తారు చెల్లెమ్మా, పిలిచానుగా" అనేవారు. ఒక కుర్చీని మాత్రం తలుపు పక్కన, కాస్త విడిగా వేసేవారు. కాళ్ళకి అడ్డం పడుతోందని నేను జరిపితే మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టేవారు.

ఆ కొట్లో నేను ఇరవై రెండేళ్ళుగా కాజాలు కుడుతున్నాను. కాజాలు, బొత్తాలు, అంచులు, చివరి చేతిపని అంతా నాది. వీధిలో నన్ను కాజాలక్క అంటారు. కోట్లు కత్తిరించేదీ మిషను మీద కుట్టేదీ మాస్టారు. ఆయన కత్తిరించిన కోటు వేసుకుంటే గూనివాడు కూడా నిటారుగా కనిపిస్తాడని మా వీధిలో మాట. ఎప్పుడూ మెడలో టేపు వేలాడుతూ ఉండేది. నిద్దర్లో కూడా తీయరని వాళ్ళావిడ నాతో చెప్పి నవ్వేది. ఆవిడ బంగారం లాంటి మనిషి. పోయి నాలుగేళ్ళయింది.

దేవుడి పిచ్చి మొదట ఆవిడది, మాస్టారిది కాదు. ముప్పై ఏళ్ళు ప్రతి ఆదివారం ఆవిణ్ణి చర్చి దాకా తీసుకెళ్ళి, గేటు బయట పేపరు చదువుతూ నిలబడేవారు. "లోపలికి రావచ్చుగా" అని ఆవిడంటే, "నువ్వు వెళ్ళి ఇద్దరి తరఫునా కూర్చో" అనేవారు. ఆవిడ పోయిన మూడో ఆదివారం కాళ్ళు అలవాటుకొద్దీ అక్కడికే తీసుకెళ్ళాయట. పేపరు చదివారు. పాటలయిపోయాయి, జనం బయటికొచ్చారు, గేటు ఖాళీ అయింది, ఈయన ఇంకా నిలబడే ఉన్నారు. ఎవరికోసం నిలబడ్డానో అప్పుడు గుర్తొచ్చింది చెల్లెమ్మా అన్నారు నాతో. ఆ పై వారం లోపలికి వెళ్ళి ఆవిడ కూర్చునే చోటు అడిగి అక్కడే కూర్చున్నారు. రెండేళ్ళు అలా కూర్చుని కూర్చుని, బాప్తిస్మం తీసుకున్నారు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మొదలయింది మాకు.

కొలతలివ్వడానికి ఎవడొచ్చినా వాడు దొరికిపోయినట్టే. చేతులు పైకెత్తమని, ఛాతీ చుట్టూ టేపు వేసి, "ఊపిరి పీల్చండి, ఆఁ, అలాగే ఉండండి. గురువారం సాయంత్రం ఖాళీయేనా?" అనేవారు. చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, ఛాతీకి టేపు కట్టించుకున్నవాడు కాదని ఎలా అంటాడు? తలూపేవాడు. గడప దాటాక ముఖం చాటేసేవాడు. ఎదురు కొట్టు తాళాలాయన అయితే, "గురువారం నాకు మోకాలు నొప్పి మాస్టారూ" అన్నాడు. "మీ మోకాలికి వారాలెవరు నేర్పారయ్యా?" అన్నాను నేను. పై మేడ టీచరమ్మ పరీక్ష పేపర్లు దిద్దాలంది. పోస్టుమాన్ చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే రాననే కదా.

నన్ను ప్రతి వారం పిలిచేవారు. "ఆరు గురువారాలే చెల్లెమ్మా. ఎవరైనా రావచ్చు, ఏమైనా అడగొచ్చు. నమ్మితీరాలని ఎవరూ అనరు. టీ ఉంటుంది."

"నాకు దేవుడితో పేచీ లేదు మాస్టారూ. ఆయన పని ఆయనది, నా సూది పని నాది. టీ మాత్రం ఇటు పంపించండి" అనేదాన్ని. కటింగ్ బల్లకీ నా పనిచోటుకీ మధ్య కట్టిన తెర ఇవతల, నా ఎత్తుపీట మీద కూర్చుని కాజాలు కుట్టుకుంటూనే ఉండేదాన్ని. వినలేదని మాత్రం అనను. గుడ్డ తెర మాటల్ని ఆపుతుందా!

అయితే ఈ పిలుపులన్నీ ఒక్క మనిషి కోసం. అది నాకు తెలుసు, మాస్టారికి తెలుసు. ఆ మనిషి ఆయన తమ్ముడు.

డ్రైవరుగారంటాను నేను. ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపారు. మాస్టారికి ఆయన ఇంకా చిన్నోడే. తల్లి పోతే ఈయనే పెంచారు. కుట్టడం నేర్చుకున్నాక మొదటి చొక్కా వాడికే కుట్టాననీ, దానికి ఒక చెయ్యి పొడుగైతే వాడు ఏడాది పాటు మడిచి తొడుక్కున్నాడనీ చెప్పని రోజు లేదు. పిల్లల్లేరు డ్రైవరుగారికి. భార్యే లోకం. కిందటేడు ఆవిడ మూడు రోజుల జ్వరంతో పోయింది.

పూడ్చిపెట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అందరూ వెళ్ళిపోతున్నారు. డ్రైవరుగారు తడి మట్టి దగ్గర కూర్చుని, చిన్నపిల్లాడిలా తలెత్తి, "అన్నయ్యా, ఇప్పుడు అదెక్కడుంటుంది?" అన్నారు.

ఆయన అడిగింది జవాబు కోసం కాదండీ. ఏడుపది. భుజం మీద చెయ్యేస్తే చాలు. మా మాస్టారికి అప్పటికి బాప్తిస్మం అయి నాలుగు నెలలు. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చిన కుర్రాడిలా నిలబడి, "నమ్మకుండా పోయినవాళ్ళకి అక్కడ చోటు లేదురా. నువ్వైనా ఇప్పటికైనా..." అన్నారు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. డ్రైవరుగారు లేచి నిలబడ్డారు. అరవలేదు. "ఇంకోసారి నా దగ్గర నీ దేవుడి మాట నోటితో ఎత్తావో, నాకు అన్నయ్య లేడనుకుంటాను. మాటివ్వు" అన్నారు. మాస్టారు ఇచ్చారు. ఏం ఇచ్చానో తెలుసుకునేలోపే ఇచ్చేశారు. అప్పట్నించి అన్నదమ్ముల మధ్య మంచినీళ్ళు కావాలా, వద్దు, ఇంతే మాటలు. ఆర్నెల్లయ్యేసరికి అవి కూడా నా ద్వారానే.

ఈ ఏడు మొదట్లో డ్రైవరుగారికి గుండెలో వాల్వు పాడయిందన్నారు. ఆపరేషను చెయ్యకపోతే ఏడాది, చేస్తే సగం సగం అన్నాడు డాక్టరు. తేదీ ఇచ్చారు, ఒక శుక్రవారం. ఆ కబురు చెప్పింది నేనే. మాస్టారు గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వెనక్కి లెక్కపెట్టారు. దానికి ముందు ఆరు గురువారాలున్నాయి. ఆ సాయంత్రమే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఈ ప్రశ్నల కూటమేదో మా కొట్లో పెట్టండి, ఆరు వారాలు చాలు అని బతిమాలారు. చర్చి అయితే వాడు గుమ్మం తొక్కడు, అన్న కొట్టయితే తొక్కుతాడేమోనని ఆశ. నోటితో పిలవడానికి లేదు. వీధంతా పిలిస్తే ఆ నోటా ఈ నోటా వాడికి చేరి, వాడంతట వాడే రాకపోతాడా అని ఇంకో ఆశ.

"వాడు అలాగే పోతే చెల్లెమ్మా" అనేవారు, కత్తెర ఆపి. మరదలి గురించి అంత ధీమాగా అన్న మాటే ఇప్పుడు తమ్ముడి విషయంలో ఆయన గొంతుకి అడ్డం పడింది. నాకు జాలేసేది, కోపమూ వచ్చేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

మొదటి గురువారం ముందు రోజు, మాస్టారు భోజనానికి వెళ్ళిన వేళ చూసుకుని డ్రైవరుగారు కొట్టుకి వచ్చారు. చంకలో పాత నల్ల కోటు. ఆయన పెళ్ళికి మాస్టారు కుట్టిందే. "డిపోలో రిటైర్మెంటు ఫంక్షను పెడుతున్నారు. చిక్కిపోయాను కదా, గోనెసంచిలా వేలాడుతోంది. బిగించి పెట్టండమ్మా" అన్నారు. కొలతలు నేనే తీసుకున్నాను. పక్కటెముకలు టేపుకి తగిలాయి.

ఆ కోటు మాస్టారు నా చేతికివ్వలేదు. నాలుగు రోజులు ఆయనే పట్టుకు కూర్చున్నారు. కుట్లన్నీ విప్పి, పక్కలు బిగించి, చిరిగిన లైనింగు తీసేసి కొత్తది వేశారు. ఎడమవైపు లోపల, గుండె మీదికి వచ్చేలా, అంతకుముందు లేని జేబు ఒకటి పెట్టారు. అంతా అయ్యాక బొత్తాలకి నా దగ్గరకొచ్చింది.

కొత్త జేబు పెట్టినప్పుడు ఇస్త్రీకి ముందు దాని మూతికి తెల్లదారంతో కచ్చా కుట్టు వేస్తాం. లేకపోతే ఇస్త్రీ పెట్టె కింద జేబు నోరు తెరుచుకుని వంకరపోతుంది. తొడుక్కునేవాళ్ళు తర్వాత దారం లాగేసుకోవాలి. కోటు ఇచ్చేటప్పుడు "లోపల తెల్లదారం ఉంది, లాగేసుకోండి" అని చెప్పడం నా వంతు. ఈ పని నాకు నేర్పింది మాస్టారే. అలాగే బొత్తాలు కుట్టాను, జేబు మూతి కుట్టాను. కుడుతుంటే లోపల ఏదో గరగరమంది. గుడ్డ బిగువుగా నిలబడాలని బక్రం వేశారు కాబోలు అనుకున్నాను. ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి, డ్రైవరుగారింటికి నేనే పట్టుకెళ్ళాను.

తలుపు సగం తెరిచి కోటు అందుకున్నారు. గదిలో ఒక గిన్నె, ఒక గ్లాసు, కిటికీ దగ్గర ఆవిడ కళ్ళజోడు, పెట్టింది పెట్టినట్టే ఉంది.

"మీ మాస్టారు గురువారం గురువారం సభలు పెడుతున్నారట" అన్నారు.

"సభా నా బొందా. ముగ్గురు మనుషులు, పదకొండు కుర్చీలు."

"తాళాలాయన్ని పిలిచారట. పోస్టుమాన్ని పిలిచారట. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచారట."

"మీరూ రావచ్చుగా మరి?"

"నన్నెవరు పిలిచారు?" అన్నారు. గొంతు అదోలా ఉంది. "పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు నాకు లేదమ్మా. నేను ఎలాగూ చోటు లేనివాణ్ణేనని తీర్మానించుకునే ఉంటారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరికే అనడు. "నోరెత్తొద్దని మాట తీసుకున్నదెవరు? మీరు కాదూ? ముందు నోరు కుట్టేసి, తర్వాత పిలవలేదని అలిగితే ఆ మనిషి ఏమైపోవాలి? అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక్క బుర్ర ఇచ్చాడు దేవుడు, అదీ చెరో రోజు వాడుకుంటున్నట్టున్నారు!" అనేసి గిరుక్కున తిరిగి వచ్చేశాను. తలుపు వేసిన చప్పుడు వినిపించింది. తెల్లదారం సంగతి చెప్పలేదు. ఇరవై రెండేళ్ళలో చెప్పడం మరిచిపోయింది ఆ ఒక్కరికే.

కొట్లో అడుగు పెట్టగానే మాస్టారు ఎదురొచ్చారు. "తీసుకున్నాడా? తొడిగి చూశాడా?"

"తీసుకున్నారు. ఫంక్షనుకి తొడుక్కుంటారులెండి."

ఫంక్షను రెండో గురువారం ముందు రోజు జరిగింది. డిపో కండక్టరు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, కోటు భలే కుదిరిందనీ, డ్రైవరుగారు అదే వేసుకుని ఊరేగుతున్నారనీ చెప్పాడు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. "అయితే చూసే ఉంటాడు" అన్నారు. లైనింగు పనితనం గురించి అనుకుని, "చూడకేం, కళ్ళున్నాయిగా" అన్నాను.

ఆ గురువారం కొత్త చొక్కా వేసుకుని, తలుపు పక్క కుర్చీని గుడ్డతో రెండుసార్లు తుడిచారు. ఆరయింది, ఏడయింది. పాస్టరుగారు ప్రశ్నలేమైనా ఉన్నాయా అని ఖాళీ కుర్చీల్ని అడిగారు. తలుపు చప్పుడయితే మాస్టారు దిగ్గున లేచారు. ఎవరో బ్యాగు జిప్పు పోయిందని వచ్చాడు. అతన్ని తలుపు పక్కది తప్ప వేరే కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నలభై నిమిషాలు కదలనివ్వలేదు. జిప్పు మాత్రం బాగుచేసి ఇచ్చారు.

మూడో వారం, నాలుగో వారం అంతే. నాలుగో వారం తర్వాత మాస్టారు అన్నం సరిగా తినడం మానేశారు. అయిదో వారం ఒక పెళ్ళికొడుకు కోటు కత్తిరిస్తూ రెండూ ఎడమ చేతులే కత్తిరించారు. నలభై ఏళ్ళ పనివాడు! నేను చూసి నోరు నొక్కుకున్నాను. ఆయన రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, "చూశాడు చెల్లెమ్మా. చూసి కూడా రాలేదు. ఇంక నా దగ్గర ఏమీ లేదు" అన్నారు. ఏం చూశారండీ అని నేను అడగలేదు. అడగాల్సింది. గుడ్డ పాడయిందే అన్న ధ్యాసలో ఉన్నాను.

ఆరో గురువారం వచ్చింది. మర్నాడు ఆపరేషను. డ్రైవరుగారు మధ్యాహ్నమే ఆసుపత్రిలో చేరిపోయారని కండక్టరు చెప్పి వెళ్ళాడు. అంటే ఇక రావడానికి లేదు. అది తెలిసి కూడా మాస్టారు కుర్చీలు వేశారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎవరి కోసమండీ ఇంకా?" అన్నాను. తలుపు పక్కది కూడా తెచ్చి వేశారు. పాస్టరుగారు వచ్చారు, మాట్లాడారు, ప్రార్థన చేశారు, వెళ్ళిపోయారు. తెర పక్కకి తీసి చూస్తే మాస్టారు తలుపు పక్క కుర్చీ ముందు నేల మీద మోకాళ్ళూని ఉన్నారు. తల కుర్చీలో పెట్టుకుని ఏడుస్తున్నారు. వాళ్ళావిడ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

"ఉత్తరం రాసినా రాలేదు" అంటున్నారు.

"ఏ ఉత్తరం మాస్టారూ?"

"నోటితో ఎత్తనని కదా మాటిచ్చాను. చేత్తో రాశాను. కోటు లోపలి జేబులో పెట్టాను."

చేతికి ఆ గరగర మళ్ళీ తగిలింది.

"మాస్టారూ, ఆ జేబు నేను కుట్టేశాను. కొత్త జేబు కదా. కచ్చా కుట్టు వేసేశాను. లాగేసుకోమని ఆయనకి చెప్పలేదు. పోట్లాడి వచ్చేశాను."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన లేచి, నా సూదుల దిండు వైపు చూశారు, తెల్లదారం రీలు వైపు చూశారు. "నేనే నేర్పాను" అన్నారు. తర్వాత, "అయితే వాడికి నేను పిలిచినట్టే తెలియదు" అన్నారు. ఆ మాట మూడుసార్లు అన్నారు.

మర్నాడు తెల్లవారి మొదటి బస్సుకి ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. మాస్టారు కింద బెంచీ మీద కూర్చుండిపోయారు. "నేను కనబడితే ఆవేశపడతాడు. ఆపరేషను ముందు గుండె అదరకూడదు. నువ్వు వెళ్ళు" అన్నారు. "మీ మాటలూ మీ ఒట్లూ మట్టిలో కలవ" అని నేను మెట్లెక్కేశాను. నడుముకి కట్టుకున్న సంచీలో చిన్న కత్తెర ఉంది.

డ్రైవరుగారిని అప్పటికే తోపుడు మంచం మీదికి మార్చారు. కళ్ళజోడు, కట్టుడు పళ్ళు తీసేసుకున్నారు. పళ్ళు లేకపోతే ముసలాయనలా ఉన్నారు. కోటు కొక్కేనికి వేలాడుతోంది. నేను ఏమీ చెప్పకుండా దాన్ని అందుకుని, లోపలి జేబు మూతి కత్తిరించాను. నాలుగు మడతల కాగితం బయటికొచ్చింది.

"అది ఉత్తుత్తి జేబనుకున్నాను" అన్నారు ఆయన.

"నెల రోజులుగా ఉందండీ ఇందులో. కుట్టేసింది నేను. చదవండి."

"కళ్ళజోడు లేదు. మీరే చదవండమ్మా."

మంచం తోసే అతను, "అమ్మా, తప్పుకోండి, టైమయింది" అన్నాడు. "ఒక్క నిమిషం ఆగితే మీ థియేటరు ఎక్కడికీ పారిపోదు నాయనా" అన్నాను. ఏ దేవుడి పిలుపయితే వద్దని ఆరు వారాలు తెర చాటున కూర్చున్నానో, దాన్ని నా నోటితోనే చదవాల్సి వచ్చింది.

"చిన్నోడా, నోటితో ఎత్తనని మాటిచ్చాను కనుక చేత్తో రాస్తున్నాను. ఆ రోజు నువ్వడిగినదానికి జవాబు నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను. మరదలు ఎక్కడుందో దేవుడికి తెలుసు. నాకు తెలియదు. నీ ఏడుపు వినకుండా పాఠం చెప్పాను. తప్పు నాది. గురువారాలు ఆరు గంటలకి మన కొట్లో కూర్చుంటున్నాం. ఎవరైనా ఏమైనా అడగొచ్చు. నువ్వొస్తే నిన్ను ఒప్పించాలని చూడను. నువ్వు ఎంత తిట్టినా వింటాను. తలుపు పక్క కుర్చీ నీది. నచ్చకపోతే లేచి వెళ్ళిపోవచ్చు. నాకు దొరికింది నీకు చూపించాలని ఉంది, అంతే. రారా."

చదివి కాగితం దించాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"గురువారాలు నిన్నటితో అయిపోయాయి కదూ?" అన్నారు.

"అయిపోయాయి."

"ఆయనేడీ?"

"కింద బెంచీ మీద ఉన్నారు."

"పిలవండి. పరిగెత్తండి." మంచం కదిలింది. నేను తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి, "కుర్చీ తీయొద్దని చెప్పండి" అన్నారు.

మూడంతస్తులు దిగాను. మాస్టారు నా ముఖం చూసి లేచి పరుగు మొదలెట్టారు. మెడలో టేపు ఎగురుతోంది. ఇద్దరం రొప్పుతూ పైకి చేరేసరికి థియేటరు తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్ర దీపం వెలిగింది. మాస్టారు ఆ తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. ఎంతసేపో తెలియదు. నర్సు వచ్చి ఆ చెయ్యి తీయించింది.

డ్రైవరుగారు మళ్ళీ కళ్ళు తెరవలేదు. శనివారం అలాగే ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం పోయారు.

సోమవారం ఆ నల్ల కోటు తొడిగే పంపించాం. ఉత్తరం మళ్ళీ ఆ జేబులోనే పెట్టారు మాస్టారు. అలవాటుకొద్దీ నా చెయ్యి సూది కోసం వెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను. మట్టి దగ్గర మాస్టారు ఒక్క మాట మాట్లాడలేదు.

గురువారం వచ్చింది. ఏడో గురువారం. అయిదు దాటగానే ఆయన కుర్చీలు వేయడం మొదలెట్టారు. ఈసారి నేను సణగలేదు, నాలుగు నేనే వేశాను. ఆరింటికి తాళాలాయన వచ్చాడు, మోకాలు పట్టుకుని. టీచరమ్మ వచ్చింది. పోస్టుమాన్, కండక్టరు, జిప్పు పోయినతను, టీచరమ్మ వాళ్ళ అమ్మా నాన్నా. పాస్టరుగారూ ఆయన భార్యా ఉండనే ఉన్నారు. ఆరు వారాలు పిలిస్తే రానివాళ్ళు పరామర్శకి వచ్చారు. పది కుర్చీలూ నిండాయి. తలుపు పక్కది ఖాళీగా ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు.

టీలయ్యాయి. తాళాలాయన గొంతు సవరించుకున్నాడు. మంచివాడే, మాట ఎక్కడ ఏది అనాలో తెలియదు. "మాస్టారూ, ఏమైనా అడగొచ్చు అన్నారు కదా. తప్పయితే క్షమించండి. మీ తమ్ముడు ఇప్పుడు ఎక్కడుంటాడు?"

తెర ఇవతల కాజా కుడుతున్నదాన్ని సందులోంచి తొంగి చూశాను. మట్టి దగ్గర డ్రైవరుగారు అడిగిన ప్రశ్నే అది, మాటల్లో కాస్తే తేడా. పాస్టరుగారు ఏదో చెప్పబోయారు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ఆ ముఖం చూడలేకపోయాను నేను. ఆ తమ్ముడు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి ఆ మనిషి ప్రాణమైనా ఇచ్చేవారు.

"నాకు తెలియదు" అన్నారు చివరికి. "కుర్చీ తీయొద్దన్నాడు. నాకు తెలిసింది అదొక్కటే. దాన్నే పట్టుకుని దేవుణ్ణి రోజంతా అడుగుతున్నాను."

తెర తీసి నా ఎత్తుపీట పట్టుకుని అవతలికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళుగా తెర దాటని పీట. తలుపు పక్క కుర్చీకి ఆనించి వేసుకుని కూర్చున్నాను. నమ్మి కాదు. అది ఎవరూ అనుకోవద్దు. నాకూ ఒక ప్రశ్న ఉంది, వారం రోజులుగా నన్ను తినేస్తోంది.

"నేను ఆ కుట్టు వేయకపోతే ఆయన వచ్చేవారా మాస్టారూ?"

అందరూ నా వైపు చూశారు. మాస్టారు మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. ఓదార్పు మాట ఏదైనా అంటారని ఎదురుచూశాను. పాత మాస్టారయితే అనేవారే, అప్పటికప్పుడు.

"తెలియదు చెల్లెమ్మా" అన్నారు. "నువ్వు కుట్టింది జేబే. ఏడాది ముందే నా నోరు వాడికి తలుపు మూసేసింది."

తర్వాత లేచి, కెటిల్ తెచ్చి నాకు టీ పోశారు. ఖాళీ కుర్చీ ముందు బల్ల మీద ఇంకో కప్పు పెట్టి అందులోనూ పోశారు. అది చల్లారిపోయేదాకా అందరం కూర్చున్నాం.